ట్యూబ్ యాంప్లిఫయర్‌కు టవర్ స్పీకర్లను జతచేయడానికి వాట్ల లెక్క ఒక్కటే చాలదు

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంట్లో సంగీతం వినే సాధనాల మీద మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ట్రాన్సిస్టర్లకు బదులు వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే ట్యూబ్ యాంప్లిఫయర్ల మీద మళ్లీ పెరుగుతున్న మక్కువ గురించి, మేలురకం టవర్ స్పీకర్లతో వాటిని కలిపి వినడంలోని ఆనందం గురించి వ్యాసకర్త ఆదరంగా రాశారు. అందులో నాకు ఏ అభ్యంతరమూ లేదు. కానీ ఏ స్పీకరుకు ఏ యాంప్లిఫయర్ నప్పుతుందన్న అసలు ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి, స్పీకర్ సెన్సిటివిటీ (కొద్దిపాటి నిర్ణీత సంకేతానికి అది ఎంత పెద్దగా పలుకుతుందన్న కొలత) 90 డెసిబెల్లు దాటితే చాలు, ఏ ట్యూబ్ యాంప్లిఫయరైనా దాన్ని సునాయాసంగా పలికిస్తుందన్న ఒక్క మాటతో ఆ సంగతి ముగించారు. ఆ మాట సగమే నిజం. మిగిలిన సగం తెలియక, విడివిడిగా ఎంతో చక్కగా తయారైన రెండు సాధనాలను ఒకచోట చేర్చి నిరాశపడినవారు చాలామంది ఉన్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ట్యూబ్ యాంప్లిఫయర్లకు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టడం నా వృత్తి. శబ్దంలో సత్తువ లేదనో, మంద్రస్వరాలు ముద్దముద్దగా వస్తున్నాయనో నా దగ్గరికి తెచ్చే యాంప్లిఫయర్లలో చాలావాటికి నిజానికి ఏ జబ్బూ ఉండదు. ట్యూబులు బాగుంటాయి, బయాస్ (ట్యూబులో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే అమరిక) సరిగా ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ వైండింగులు చెక్కుచెదరకుండా ఉంటాయి. చిక్కంతా ఆ యాంప్లిఫయరుకూ, ఇంట్లో దానికి తగిలించిన స్పీకర్లకూ పొంతన కుదరకపోవడంలోనే ఉంటుంది.

ఈ పొంతన ప్రశ్న ట్యూబుల విషయంలోనే ఇంత గట్టిగా ఎందుకు వస్తుందో ముందు చెప్పాలి. ట్యూబ్ అధిక వోల్టేజి మీద, కొద్దిపాటి కరెంటుతో పనిచేస్తుంది. స్పీకరుకు అందుకు విరుద్ధంగా తక్కువ వోల్టేజి, ఎక్కువ కరెంటు కావాలి. 300బి అనే ప్రసిద్ధమైన మూడు ఎలక్ట్రోడ్ల ట్యూబు, అంటే ట్రయోడ్‌నే తీసుకుంటే, దానికి సుమారు 3,500 ఓమ్‌ల లోడ్ ఉంటే బాగా పనిచేస్తుంది. స్పీకరేమో 8 ఓమ్‌లు. ఈ రెంటినీ కలిపేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. ప్రైమరీలో (ట్యూబు వైపు) 21 చుట్లకు సెకండరీలో (స్పీకర్ వైపు) ఒక చుట్టు చొప్పున చుడితే, ఇంపీడెన్స్ (మారే విద్యుత్ సంకేతానికి ఎదురయ్యే నిరోధం) ఆ నిష్పత్తి వర్గాన్ని బట్టి మారుతుంది కనుక, 8 ఓమ్‌ల స్పీకర్ ట్యూబుకు దాదాపు 3,500 ఓమ్‌లుగా కనిపిస్తుంది. అయితే ఆ 3,500 ఓమ్‌లను ట్రాన్స్‌ఫార్మర్ తనంతట తాను పుట్టించదు. స్పీకర్ వైపు ఎంత ఉంటే అంతనే 440 రెట్లు చేసి ట్యూబుకు చూపిస్తుంది. స్పీకర్ ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర 3 ఓమ్‌లకు దిగిపోతే, ఆ స్వరం పలికే క్షణంలో ట్యూబుకు 1,300 ఓమ్‌లే మిగులుతాయి. డిస్టార్షన్ (శబ్దం వికృతం కావడం) పెరుగుతుంది, అందవలసిన శక్తి అందదు. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లలో అత్యధిక భాగానికి ఈ ట్రాన్స్‌ఫార్మరే ఉండదు. అవి స్పీకరును నేరుగా నడుపుతాయి, ఓమ్‌లు తగ్గినకొద్దీ ఎక్కువ కరెంటు ఇవ్వగలుగుతాయి.

ఇక వాట్ల సంగతి. వ్యాసకర్త దీన్ని ప్రధానంగా తీసుకున్నారు కనుక ఆ లెక్కనూ సరిగ్గా వేసి చూడాలి. తరంగమంతటినీ ఒకే ట్యూబు మోసే సింగిల్ ఎండెడ్ పద్ధతిలో ఒక 2ఎ3 ట్యూబు మూడున్నర వాట్లు, ఒక 300బి సుమారు 8 వాట్లు ఇస్తాయి. రెండు ట్యూబులు ఎదురెదురుగా పనిచేసే పుష్-పుల్ పద్ధతిలో రెండు ఈఎల్34 ట్యూబులతో 35 వాట్లు సులభంగా వస్తాయి. 1959లో వచ్చిన డైనాకో స్టీరియో 70 చానెలుకు ఇచ్చింది అంతే. కేటీ88 జంటలతో 1961లో వచ్చిన మెకింటాష్ ఎంసీ275 చానెలుకు 75 వాట్లు ఇచ్చింది. ఇప్పుడు 87 డెసిబెల్ల సెన్సిటివిటీ ఉన్న టవర్ స్పీకరుకు 8 వాట్ల యాంప్లిఫయర్ తగిలించారనుకుందాం. 8 వాట్లంటే ఒక వాటు కంటే 9 డెసిబెల్లు ఎక్కువ, కాబట్టి మీటరు దూరంలో 96 డెసిబెల్లు. రెండో స్పీకర్ మరో 3 కలుపుతుంది. మూడు మీటర్ల దూరంలో కూర్చుంటే, గోడల నుంచి తిరిగి వచ్చే శబ్దాన్ని కలుపుకున్నా, దాదాపు 6 డెసిబెల్లు పోతాయి. మిగిలేది 93. సగటున 75 డెసిబెల్ల దగ్గర వినే వాద్యబృంద సంగీతంలో శిఖరాలు అంతకు 20 డెసిబెల్లు పైకి, అంటే 95 దాకా పోగలవు. యాంప్లిఫయర్ అక్కడ చేతులెత్తేస్తుంది. అదే యాంప్లిఫయరుకు 95 డెసిబెల్ల స్పీకర్ ఉంటే కుర్చీ దగ్గర 101 వస్తుంది, శ్వాస తీసుకోవడానికి చోటుంటుంది. ఈ 8 డెసిబెల్ల తేడాను వాట్లతో పూడ్చాలంటే ఆరు రెట్ల కంటే ఎక్కువ శక్తి కావాలి. ట్యూబుల వాటు ట్రాన్సిస్టర్ వాటు కంటే పెద్దదని కొందరు అంటారు. వాటు ఎక్కడైనా వాటే. పరిమితి దాటినప్పుడు ట్యూబ్ యాంప్లిఫయర్ ఒక్కసారిగా తెగిపోకుండా మెల్లగా నలుగుతుంది కనుక కాస్త మించి వాడినా చెవికి వెంటనే పట్టుబడదు. ఆ మాటలోని నిజం అంతవరకే.

వ్యాసంలో చెప్పిన 90 డెసిబెల్ల అంకె దగ్గరే ఒక చిక్కు ఉంది. సెన్సిటివిటీని నేడు చాలామంది తయారీదారులు 2.83 వోల్టులు ఇచ్చి, మీటరు దూరంలో కొలుస్తారు. 8 ఓమ్‌ల స్పీకరులోకి 2.83 వోల్టులంటే సరిగ్గా ఒక వాటు. 4 ఓమ్‌ల స్పీకరులోకి అదే వోల్టేజి ఇస్తే రెండు వాట్లు పోతాయి. కాబట్టి కాగితం మీద 90 డెసిబెల్లు అని ఉన్న 4 ఓమ్‌ల స్పీకర్ ఒక వాటుకు ఇచ్చేది 87 మాత్రమే. వోల్టేజిని బట్టి నడిచే ట్రాన్సిస్టర్ యాంప్లిఫయరుకు ఈ తేడా పెద్దగా పట్టదు. తన దగ్గరున్న వాట్లే సర్వస్వమైన ట్యూబ్ యాంప్లిఫయరుకు సగం శక్తి పోయినట్టే. ఖరీదైన టవర్లలో 4 ఓమ్‌లవే ఎక్కువ. సన్నటి, ఎత్తైన పెట్టెలో రెండు మూడు చిన్న ఊఫర్లను (మంద్రస్వరాలు పలికే భాగాలను) సమాంతరంగా కలపడం అందుకు ముఖ్య కారణం. రెండు 8 ఓమ్‌ల ఊఫర్లను సమాంతరంగా కలిపితే 4 ఓమ్‌లే వస్తాయి. కొందరు ప్రతిధ్వనులు లేని గదిలో కాక, మామూలు గదిలో కొలిచిన అంకెను ప్రకటిస్తారు. అందులో గోడలు చేసిన సాయం కూడా కలిసి ఉంటుంది. ఎలా కొలిచారో తెలియని రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదు.

స్పీకర్ల స్వభావం ఇలా మారడానికి చరిత్రలో కారణం ఉంది. ట్యూబులే గతి అయిన కాలంలో పది పదిహేను వాట్లే పెద్ద శక్తి. 1953లో వచ్చిన క్వాడ్ 2 యాంప్లిఫయర్ ఇచ్చింది 15 వాట్లు. అందుకే అప్పటి స్పీకర్లు పెద్ద పెట్టెలతో, వెడల్పైన ఊఫర్లతో, హార్న్‌లతో ఉండేవి. పాల్ క్లిప్ష్ 1946లో అమ్మకానికి తెచ్చిన, గది మూలలో పెట్టే హార్న్ స్పీకర్ కొద్ది వాట్లతో గదిని నింపేది. 1954లో ఎడ్గర్ విల్చర్ ఏఆర్-1 అనే స్పీకరుతో చిన్న మూసిన పెట్టెలో లోతైన మంద్రాన్ని సాధించి చూపించారు. దానికి చెల్లించిన మూల్యం సామర్థ్యం, అంటే ఒక్కో వాటుకు వచ్చే శబ్దం. చిన్న పెట్టె, లోతైన మంద్రం, అధిక సామర్థ్యం అనే మూడింటిలో రెండే దక్కుతాయి, మూడోదాన్ని వదులుకోక తప్పదు. ఆ తర్వాత ట్రాన్సిస్టర్లు వాట్లను సులభం చేయడంతో స్పీకర్ రూపకర్తలు సామర్థ్యాన్ని వదులుకోవడానికి వెనుకాడలేదు. నేటి అందమైన సన్నటి టవర్ అలా ట్రాన్సిస్టర్‌ను నమ్ముకొని పుట్టింది. అది దాని లోపం కాదు. కానీ దాన్ని ట్యూబులతో నడపదలచినవారు ఆ పుట్టుక సంగతి తెలుసుకొని నడపాలి.

ఇప్పుడు వ్యాసంలో ప్రస్తావనకే రాని విషయానికి వస్తాను. స్పీకర్ వెనుక రాసి ఉండే 8 ఓమ్‌లు, 4 ఓమ్‌లు అన్నవి పేరుకు చెప్పే అంకెలు. నిజానికి స్పీకర్ ఇంపీడెన్స్ ఫ్రీక్వెన్సీతో పాటు పైకీ కిందికీ పోతూనే ఉంటుంది. గాలి రంధ్రం ఉన్న టవరును కొలిచి గీత గీస్తే, అట్టడుగు మంద్రంలో రెండు శిఖరాలు, వాటి మధ్య ఒక లోయ కనిపిస్తాయి. లోయ ఆ పెట్టె ట్యూనింగ్ ఉన్న చోటు. రెండో శిఖరం దాటాక గీత కిందికి జారి, చాలా టవర్లలో 80 నుంచి 200 హెర్ట్జ్ మధ్య ఎక్కడో తన కనిష్ఠానికి చేరుతుంది. తర్వాత ఊఫర్ నుంచి ట్వీటరుకు (తారస్వరాలు పలికే భాగానికి) బాధ్యత మారే క్రాసోవర్ ప్రాంతంలో మళ్లీ 20 ఓమ్‌ల దాకా ఎక్కవచ్చు. కనిష్ఠం ప్రకటించిన అంకెలో 80 శాతం కంటే తగ్గకూడదని ఐఈసీ 60268-5 అనే అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. ఆ లెక్కన 8 ఓమ్‌ల స్పీకర్ 6.4 కంటే కిందికి దిగకూడదు. దిగేవి ఎన్నో ఉన్నాయి. 8 ఓమ్‌లని ముద్రించి 3 ఓమ్‌లకు చేరువగా దిగే టవర్లను నేను బల్ల మీద కొలిచాను. సంగీతంలో బలమంతా ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ 80 నుంచి 200 హెర్ట్జ్ ప్రాంతంలోనే కావడం ట్యూబులకు మరింత ఇబ్బంది. దీనికి తోడు ఆ చోట వోల్టేజికీ కరెంటుకూ మధ్య ఫేజ్ కోణం (రెండూ ఒకే క్షణంలో శిఖరానికి చేరకపోవడం) కూడా ఎక్కువగా ఉంటే, యాంప్లిఫయర్ మీద పడే భారం ఓమ్‌ల అంకె చెప్పేదానికంటే బరువుగా ఉంటుంది.

స్పీకర్ ఇంపీడెన్స్ ఇలా మారడం ఒక్కటే అయితే సమస్య సగమే. యాంప్లిఫయరుకు కూడా లోపల ఒక ఇంపీడెన్స్ ఉంటుంది. దాన్ని అవుట్‌పుట్ ఇంపీడెన్స్ అంటాం. మంచి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లో అది ఓములో పదో వంతు కూడా ఉండదు. ట్యూబ్ యాంప్లిఫయర్లో ఒక ఓము, రెండు, కొన్నిటిలో మూడు దాకా ఉంటుంది. 300బి ట్యూబు ప్లేట్ రెసిస్టెన్స్, అంటే దాని లోపలి నిరోధం, సుమారు 700 ఓమ్‌లు. దాన్ని ఇందాకటి ట్రాన్స్‌ఫార్మర్ గుండా స్పీకర్ వైపు నుంచి చూస్తే 1.6 ఓమ్‌లవుతుంది, వైండింగ్ తీగ రెసిస్టెన్స్ కలుపుకుంటే రెండుకు చేరువవుతుంది. ఈ రెండు ఓమ్‌లు స్పీకరుతో సిరీస్‌లో కూర్చుంటాయి. స్పీకర్ ఇంపీడెన్స్ 24 ఓమ్‌లున్న చోట ఇవి మింగేది 0.7 డెసిబెల్లు. 4 ఓమ్‌లున్న చోట మింగేది మూడున్నర. అంటే రూపకర్త ప్రయోగశాలలో సమంగా తీర్చిదిద్దిన స్పీకర్ ఇంటికొచ్చి ఈ యాంప్లిఫయరుకు తగిలేసరికి, ఒక చోటుకీ మరో చోటుకీ 2.8 డెసిబెల్ల ఎగుడుదిగుడు పొందుతుంది. అంత వెడల్పైన ప్రాంతంలో అంత తేడా ఎవరికైనా వినబడుతుంది. ఒక యాంప్లిఫయర్ వెచ్చగా ఉందని, మరొకటి గాత్రాన్ని ముందుకు తెస్తుందని మనం చెప్పుకొనే గుణాల్లో కొంత భాగం ట్యూబు మహిమ కాదు, ఈ రెండు ఇంపీడెన్స్‌ల లెక్క. క్రాసోవర్ దగ్గరి ఎత్తు వల్ల గాత్రం నిజంగానే కాస్త ముందుకు వచ్చి చెవికి ఇంపుగా ఉండే సందర్భాలూ ఉంటాయి, దాన్ని నేను తక్కువ చేయను. కానీ అదే యాంప్లిఫయర్ వేరే స్పీకరుతో ఆ గాత్రాన్ని వెనక్కి నెట్టగలదు. మరొకరి ఇంట్లో విన్న మాధుర్యాన్ని నమ్మి, ఒక్క యాంప్లిఫయర్‌ను మాత్రమే కొని తెచ్చుకున్నవారికి అది దక్కకపోవడానికి కారణం ఇదే.

మంద్రస్వరాల మీద దీని ప్రభావం ఇంకా ఎక్కువ. ఊఫర్ కోన్ ఒకసారి కదిలాక తనంతట తాను ఊగుతూనే ఉండాలని చూస్తుంది. ఆ కదలికలో దాని కాయిల్ పుట్టించే కరెంటు యాంప్లిఫయర్ గుండా తిరిగివచ్చి, ఊపి వదిలిన ఊయలను చేత్తో పట్టి ఆపినట్టు కోన్‌ను నిలదొక్కుకునేలా చేస్తుంది. యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ పెరిగినకొద్దీ ఆ పట్టు సడలుతుంది. నేటి రూపకర్తలు పెట్టె పరిమాణాన్ని, రంధ్రం ట్యూనింగును లెక్కించేటప్పుడు సాధారణంగా యాంప్లిఫయర్ ఇంపీడెన్స్ సున్నా అనుకొనే లెక్కిస్తారు. ఊఫర్ల కాయిల్ రెసిస్టెన్స్ మొత్తం 3.2 ఓమ్‌లున్న టవరుకు 2 ఓమ్‌ల యాంప్లిఫయర్ తగిలిస్తే, ఆ ఊఫర్ విద్యుత్ పట్టును కొలిచే క్యూ విలువ 60 శాతం పైగా పెరిగిపోతుంది, అది పెరిగితే పట్టు సడలినట్టు. వినికిడికి వస్తే, మృదంగం తొప్పి మీద పడిన దెబ్బకు మొదలూ తుదీ కలిసిపోతాయి. డబుల్ బాస్ ఒక తీగ మీద ఉబ్బి, పక్క తీగ మీద పలచబడుతుంది. మంద్రం ఎక్కువైందని కొందరు మొదటి రోజుల్లో సంతోషిస్తారు. స్వరం స్వరంగా వినబడటం లేదని తర్వాత గ్రహిస్తారు.

ఇందుకు ఫీడ్‌బ్యాక్, అంటే అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని మళ్లీ లోపలికి పంపి తప్పులు సరిదిద్దుకోవడం, ఒక మందు. హెరాల్డ్ బ్లాక్ 1927లో కనిపెట్టిన నెగటివ్ ఫీడ్‌బ్యాక్‌ను 1947లో విలియంసన్ తన ప్రసిద్ధ యాంప్లిఫయర్లో ఉదారంగా వాడి, డిస్టార్షన్‌తో పాటు అవుట్‌పుట్ ఇంపీడెన్స్‌ను కూడా బాగా తగ్గించి చూపారు. 1951లో హాఫ్లర్, కేరోస్‌లు ప్రచారంలోకి తెచ్చిన అల్ట్రాలీనియర్ పద్ధతి పెంటోడ్ (ఐదు ఎలక్ట్రోడ్ల ట్యూబు) శక్తిని, ట్రయోడ్‌కు దగ్గరైన స్వభావాన్ని కలిపింది. ఫీడ్‌బ్యాక్ బొత్తిగా లేకపోవడమే శుద్ధత అన్న అభిప్రాయం ఇప్పుడు బలంగా ఉంది. సామర్థ్యం ఎక్కువగా, ఇంపీడెన్స్ సమంగా ఉన్న స్పీకర్లకు ఫీడ్‌బ్యాక్ లేని ట్రయోడ్ ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు, ఆ హాయిని కాదనను. ఎగుడుదిగుడు ఇంపీడెన్స్ ఉన్న ఆధునిక టవర్లకు మాత్రం మితమైన ఫీడ్‌బ్యాక్ ఉన్న పుష్-పుల్ యాంప్లిఫయరే మేలని నా నిశ్చితాభిప్రాయం. పేరు కోసం, ఫోటోలో కనిపించే ఒంటరి ట్యూబు అందం కోసం స్పీకరుకు నప్పనిదాన్ని ఎన్నుకోవడం సంగీతానికి చేసే అన్యాయం.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ గురించి కూడా రెండు మాటలు. శక్తిని సాధారణంగా 1,000 హెర్ట్జ్ దగ్గర కొలిచి ప్రకటిస్తారు. 30 హెర్ట్జ్ దగ్గర అదే శక్తి రావాలంటే ఇనుప కోర్ చాలినంత పెద్దదిగా ఉండాలి, లేకపోతే అది సంతృప్తమై తరంగాన్ని వికృతం చేస్తుంది. సింగిల్ ఎండెడ్ యాంప్లిఫయర్లో ట్యూబు డీసీ కరెంటు ప్రైమరీ గుండా ఒకే దిశలో పోతుంది కనుక కోర్‌లో సన్నటి గాలి సందు వదలాలి. ఆ సందు వల్ల మంద్రాన్ని నిలిపే ఇండక్టెన్స్ తగ్గుతుంది, దాన్ని పూడ్చడానికి ఇంకా పెద్ద ఇనుము, ఇంకా ఎక్కువ చుట్లు కావాలి. చుట్లు పెరిగితే తారస్థాయి దెబ్బతినకుండా ప్రైమరీని, సెకండరీని పొరలు పొరలుగా ఒకదాని మధ్య ఒకటి అమర్చి చుట్టాలి. ఒక పొరలో తీగ ఎక్కడైనా వదులైతే మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టవలసిందే. అందుకే మంచి సింగిల్ ఎండెడ్ యాంప్లిఫయర్ ఎత్తితే నడుం పట్టేసేంత బరువుంటుంది. చేతికి తేలికగా తగిలే యాంప్లిఫయర్ 8 వాట్లు ఇస్తానంటే, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర, ఎంత శాతం డిస్టార్షన్‌తో అని అడగాలి. ఒక శాతం దగ్గర కొలిచిన 8 వాట్లూ, పది శాతం దగ్గర కొలిచిన 8 వాట్లూ ఒకటి కావు.

టవర్లు ఇప్పటికే కొనేసినవారికి చేతిలో ఉన్న ఉపాయం ఒకటుంది. దాన్ని ఉపయోగించుకునేవారు చాలా తక్కువ. యాంప్లిఫయర్ వెనుక ప్రతి చానెలుకూ 0, 4, 8, కొన్నిటికి 16 అని రాసిన టెర్మినళ్లు ఉంటాయి. స్పీకర్ మీద 8 అని ఉంది కనుక తీగను 8 మీద బిగించి మరి దాని జోలికి పోరు. ఆ మధ్య ఒకరు తమ యాంప్లిఫయరుతో పాటు స్పీకర్లను కూడా నా బల్ల దగ్గరికి తెచ్చారు. మంద్రం ముద్దగా ఉందన్నది ఫిర్యాదు. ముందు అలాగే వింటే, డబుల్ బాస్ మీద ఒకదాని వెంట ఒకటి దిగే నాలుగు స్వరాలలో చివరి రెండూ ఒకే మోతగా వినబడ్డాయి. యాంప్లిఫయర్ ఆపి, ట్యూబులు చల్లారేదాకా ఆగి, ఎరుపు తీగను 8 నుంచి విప్పి 4 మీద బిగించాను. నలుపు తీగ 0 మీదే ఉంది. మళ్లీ అదే పాట పెడితే ఆ రెండు స్వరాలు విడివడ్డాయి, రెండోది ఎక్కడ ఆగిందో తెలిసింది. వాల్యూమ్ మాత్రం కాస్త పెంచవలసి వచ్చింది. జరిగింది ఇంతే: 4 ఓమ్‌ల టెర్మినల్ దగ్గర అవుట్‌పుట్ ఇంపీడెన్స్ 8 దగ్గరున్నదాంట్లో సగం ఉంటుంది. స్పీకర్ 3 ఓమ్‌లకు దిగినా ట్యూబుకు తగినంత లోడ్ మిగులుతుంది. ట్రయోడ్లయితే డిస్టార్షన్ తగ్గుతుంది, గరిష్ఠ శక్తి మాత్రం కొంత తగ్గుతుంది. పెంటోడ్లకు లోడ్ బాగా పెరగడం అన్నిసార్లూ మేలు చేయదు, కనుక రెండు చోట్లా విని నిర్ణయించుకోవాలి. ఈ మార్పు చేసేటప్పుడు యాంప్లిఫయర్ ఆగి ఉండటం తప్పనిసరి. స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ యాంప్లిఫయర్‌ను నడపకూడదు. లోడ్ లేనప్పుడు ప్రైమరీలో లేచే వోల్టేజి ఇన్సులేషన్‌ను చీల్చగలదు. అడుగు పలక విప్పే పని మాత్రం ఇంట్లో ఎవరూ పెట్టుకోవద్దు. లోపల 400, 500 వోల్టులుంటాయి, స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటాయి.

కొత్తగా కొనేవారికి ఎలాంటి టవర్లు నప్పుతాయంటే, కనిష్ఠ ఇంపీడెన్స్ 5, 6 ఓమ్‌ల కంటే దిగనివి, గీత వీలైనంత సమంగా ఉన్నవి. ఇంపీడెన్స్‌ను సమం చేసే భాగాలను క్రాసోవర్లోనే చేర్చే రూపకర్తలున్నారు, వారి స్పీకర్లు ట్యూబులతో ఎంతో సౌమ్యంగా ఉంటాయి. ఊఫర్లకు సొంత యాంప్లిఫయర్ లోపలే ఉన్న టవర్లు మరో మంచి మార్గం. వాటిలో బరువైన పని లోపలి యాంప్లిఫయర్ చూసుకుంటుంది, ట్యూబులకు మధ్య, తార స్థాయిలే మిగులుతాయి. పన్నెండు, పదిహేను అంగుళాల ఊఫర్‌తో, హార్న్‌తో వచ్చే పెద్ద స్పీకర్లకు చోటుంటే వాటి కంటే సహజమైన జోడీ సింగిల్ ఎండెడ్ ట్రయోడ్‌కు లేదు. అయితే అక్కడ వాట్ల బాధ పోయి, హమ్ (పాట లేనప్పుడు కూడా వినబడే సన్నటి మోత) బాధ మొదలవుతుంది. 87 డెసిబెల్ల స్పీకర్లో వినబడని హమ్ 105 డెసిబెల్ల స్పీకర్లో 18 డెసిబెల్లు పెద్దదిగా వినబడుతుంది. అంత సున్నితమైన స్పీకర్లకు యాంప్లిఫయర్ కొనేవారు పాట లేనప్పుడు హార్న్ దగ్గర చెవి పెట్టి వినాలి.

గది గురించి వ్యాసంలో బాగానే రాశారు, ఒక్క మాట మాత్రం చేరుస్తాను. ట్యూబుల వల్ల పట్టు సడలిన మంద్రానికి గది మూల తోడైతే రెండూ కలిసి పెరుగుతాయి. 5 మీటర్ల పొడవున్న గది 34 హెర్ట్జ్ దగ్గర తనంతట తానే మోగుతుంది. కాబట్టి టవర్లను గోడకు దూరంగా జరిపి చూడకుండా యాంప్లిఫయర్ మార్చడం తొందరపాటు.

ఇంతా రాసింది వ్యాసకర్తను తప్పుపట్టడానికి కాదు. సమీక్షలు రాసేవారికి ఈ అంకెలు తయారీదారులు ఇవ్వరు, పాఠకులు అడగరు, అందువల్ల రాయరు. కానీ కొలవడం కష్టమేమీ కాదు. యాంప్లిఫయరుకు 100 హెర్ట్జ్ సంకేతం ఇచ్చి, 8 ఓమ్‌ల టెర్మినల్ దగ్గర స్పీకరుకు బదులు 16 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి వోల్టేజి చూడాలి, తర్వాత యాంప్లిఫయర్ ఆపి, 8 ఓమ్‌ల రెసిస్టర్ మార్చి, వాల్యూమ్ కదపకుండా మళ్లీ చూడాలి. మొదటిది 2 వోల్టులు, రెండోది 1.8 వోల్టులు వస్తే అవుట్‌పుట్ ఇంపీడెన్స్ 2 ఓమ్‌లని తేలుతుంది. స్పీకరుకైతే 100 ఓమ్‌ల రెసిస్టర్‌ను సిరీస్‌లో పెట్టి, 20 హెర్ట్జ్ నుంచి మెల్లగా పైకి పోతూ, స్పీకర్ మీది వోల్టేజిని రెసిస్టర్ మీది వోల్టేజితో భాగించి 100తో గుణిస్తే ఆయా చోట్ల ఇంపీడెన్స్ వస్తుంది. కనిష్ఠం సాధారణంగా దొరికే ప్రాంతంలో మంచి మల్టీమీటర్ దీనికి చాలు.

అందుచేత నా విన్నపం ఇది. ఇకపై మీ పత్రికలో ట్యూబ్ యాంప్లిఫయర్ గురించి గాని, టవర్ స్పీకర్ల గురించి గాని సమీక్ష వేసినప్పుడు, స్పీకర్ కనిష్ఠ ఇంపీడెన్స్ ఎంత, అది ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఉంది, సెన్సిటివిటీని వాటుకు కొలిచారా, 2.83 వోల్టులకు కొలిచారా, యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎంత, ప్రకటించిన వాట్లు ఎంత డిస్టార్షన్ దగ్గరవి, సమీక్షకుడు ఏ టెర్మినల్ మీద తగిలించి విన్నారు అన్న వివరాలను వ్యాసం చివర నాలుగు పంక్తుల్లో ముద్రించండి. ఆదివారం వ్యాసంలో మెచ్చుకున్న టవర్లు ఇంకా వ్యాసకర్త దగ్గరే ఉంటే, వాటి కనిష్ఠ ఇంపీడెన్స్ కొలిచి వచ్చే సంచికలో తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. ఆ అంకె అందితే, ఆ వ్యాసం చదివి ఆ స్పీకర్లు కొనుక్కున్నవారు తమ తీగను 4 మీద బిగించాలో 8 మీద బిగించాలో తేల్చుకోగలుగుతారు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు